నలభైలో డిగ్రీ: ఫారం నింపే ముందు

పిల్లల ట్వెల్త్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ మన సోలాపూర్ పేటల్లో ఇంకో మాట కూడా మెల్లగా వినిపిస్తుంది. "పిల్లదాని అడ్మిషన్ అయిపోయింది, ఇప్పుడు నేను చేరితే ఎట్లుంటది?" అని. అడిగేది ఎక్కువగా అక్కలే. చదువు ఆగి, పెళ్లయి, బీడీల చాట ముందు ఇరవై ఏళ్లు కూర్చున్నవాళ్లు. సాంచాల మీద పనిచేసే అన్నలు కూడా అడుగుతారు గానీ, పక్కన ఎవరూ లేరని చూసుకుని అడుగుతారు.

వయసు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తా. ఇగ్నోలో డిగ్రీకి ఇంత వయసు దాటితే కుదరదనే హద్దు లేదు. ట్వెల్త్ మాత్రం పాసై ఉండాలి. అది లేనివాళ్లు మన రాష్ట్ర బోర్డుకు 17 నంబరు ఫారం నింపి బయటి విద్యార్థిగా రాయొచ్చు. లేదంటే ఓపెన్ స్కూల్, ఎన్.ఐ.ఓ.ఎస్. ఉంది.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. బడి దాఖలాలో నడుమ నాన్న పేరు, చివర పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో నడుమ భర్త పేరు, చివర అత్తింటి ఇంటిపేరు. ఇక్కడి రివాజు చూసి కొందరికి పెళ్లిలో పేరే మార్చేశారు. ఊర్ల నుంచి వచ్చిన కాగితాల్లో ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. మనకు ఇదంతా ఒకే మనిషి. కంప్యూటర్‌కు ముగ్గురు. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ కావాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ కావాలి. అవి ఆధార్ ఆధారంగా తయారవుతాయి. మార్కుల మెమోలో పేరు వేరే ఉంటే పని అక్కడే ఆగుతుంది. పెళ్లి సర్టిఫికెట్ తీసుకోవడం, అవసరమైతే గెజెట్‌లో పేరు మార్పు వేయించడం ఒక్కరోజులో అయ్యేవి కావు. అడ్మిషన్లు తెరిచాక పరుగెత్తే బదులు ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు ఎవరిదో కూడా చూసుకోండి. ఓటీపీ కొడుకు ఫోన్‌కు పోతుంది, వాడు పూణేలో డ్యూటీలో ఉంటాడు. నవ్వుకోకండి, చాలా ఇళ్లలో ఇదే కథ.

ఏ యూనివర్సిటీ అంటారా? మరాఠీ బడిలో చదివినవాళ్లకు నాసిక్‌లోని యశ్వంతరావు చవాన్ ఓపెన్ యూనివర్సిటీ దగ్గరి దారి. 1989లో మొదలైంది, బి.ఏ., బి.కామ్. మరాఠీలోనే చదవొచ్చు. ఇగ్నోలో ఇంగ్లీషు, హిందీ ఎక్కువ. తెలుగులో చదవాలనే ఆశ ఉంటే హైదరాబాద్‌లో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది గానీ, దాని సెంటర్లు తెలంగాణలో. పరీక్షకల్లా రైలెక్కే ఓపిక, సెలవు మీకు ఉన్నాయా అన్నది చూసుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చిన మనకు ఏ భాషలో వేగంగా రాయగలమో అదే మంచి భాష. అందులో నామోషీ ఏం లేదు.

ఇక గంటల లెక్క. దీన్ని ఎవరూ వేయరు. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మామూలు డిగ్రీలో ఏడాదికి దాదాపు 40 క్రెడిట్లు. అంటే 1,200 గంటలు, పండగ పబ్బం లేకుండా రోజుకు మూడు గంటల పైచిలుకు. పన్నెండు గంటల పాళీ చేసే మనిషికి ఇది ఎక్కడ దొరుకుతుంది? మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా లాగే వీలుంది. అప్పుడు రోజుకు గంటా నలభై నిమిషాలు. అది కుదిరే లెక్క.

కానీ ఆ గంటా నలభై నిమిషాలు ఎవరివి? ఇదే ఇంట్లో తేల్చుకోవాల్సింది. అక్క పుస్తకం తీస్తే ఆ రోజు బీడీలు తగ్గుతాయి. వెయ్యి చేసే చేయి ఏడు వందల దగ్గర ఆగితే శనివారం చేతికొచ్చే డబ్బులో తేడా కనబడుతుంది. అన్న చదువుకు కూర్చుంటే కూరగాయలకు, కరెంటు బిల్లుకు ఇంకొకరు తిరగాలి. ఫీజు ఎంతో అందరూ అడుగుతారు, ఈ తగ్గే కూలి ఎంతో అడగరు. నన్నడిగితే ఫీజు కంటే ఇదే పెద్ద ఖర్చు. అత్తమ్మ ముందు, పిల్లల ముందు కూర్చుని లెక్క చెప్పండి: ఇంత తగ్గుతుంది, ఇన్నేళ్లు తగ్గుతుంది, రాత్రి అంట్లు ఫలానా వాళ్లు చూస్తారు అని. దాచిపెట్టి చదివేవాళ్లు మొదటి పరీక్ష దాకా వస్తారు, రెండోదానికి రారు. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబర్ నెలల్లో. సేఠ్‌కు కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచితే మేలు.

"ఒక్క ఏడాదిలో డిగ్రీ, ఇంట్లో కూర్చుంటే చాలు" అనేవాడు వస్తే చాయ్ కూడా పోయకండి. మూడేళ్ల కంటే తక్కువలో డిగ్రీ పూర్తి కావడం మామూలుగా ఉండదు. దూరవిద్యకు అనుమతి ఉన్న యూనివర్సిటీల జాబితా యూజీసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పిల్లలతో తీయించి మీ కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

చివరగా చేతి సంగతి. ఇరవై ఏళ్లుగా సంతకం తప్ప ఏమీ రాయని వేళ్లు రెండు మూడు గంటలు ఆపకుండా రాయాలంటే ముప్పావు గంటకే మొరాయిస్తాయి. చదివింది గుర్తున్నా కాగితం మీదికి రాదు. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. పేపర్లో వచ్చిన వార్త ఏదో ఒకటి చదివి, మూసేసి, మీ మాటల్లో రోజూ ఒక పేజీ రాయండి. మొదటి వారం అక్షరాలు వంకర పోతాయి, పోనివ్వండి. అడ్మిషన్లు తెరిచేలోపు ఆ నోటుపుస్తకం సగమైనా నిండాలి.