కారు పోయెను, పేరు మిగిలెను



మన హోసూరు తెలుగువారి పెరళ్లలో నేడు తులసికోట ప్రక్కన మరియొక స్థిరాస్తి కనబడుచున్నది. అది నడవని కారు. చక్రములలో గాలి లేదు. అద్దముపై వేపాకు రాలి కుళ్లుచున్నది. లోపల ఎలుకలు సంసారము చేయుచున్నవి. అమ్మరాదా అని అడిగినచో ఒకరు "నాన్నగారు కొన్నది" అందురు. మరియొకరు "దానికి ఇప్పుడెవరు ఏమిత్తురు" అందురు. ఏనుగు బ్రతికినను వేయి, చచ్చినను వేయి అని సామెత. కారు ఏనుగు కాదు. ఒక్కొక్క వానకాలము గడచినకొలది దాని వెల తరుగుచునే యుండును.

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు నా సంగతి చెప్పుకొందును. 1998 లో మా తండ్రిగారు నా పేరిట కొనిపెట్టిన మారుతి 800 కారు వారి కాలానంతరము రెండేండ్లు మా గిడ్డంగి వెనుక కదలక నిలిచి యుండెను. 2015 లో పాత కార్లు కొనువాడొకడు వచ్చి, ఒకసారి చుట్టు తిరిగి చూచి, "ఇనుము తప్ప ఇందులో ఏమున్నదయ్యా" అని 6,000 రూపాయలు చేతిలో పెట్టెను. కందిపప్పు బేరములో పావలాకు వాదించు నేను ఆనాడు నోరు మెదపలేదు. తండ్రిగారి వస్తువును బేరమాడుట అమర్యాద యనిపించినది. ఖాళీ ఫారములపై సంతకములు చేసి, ఆర్.సి. పుస్తకముతో సహా ఇచ్చివేసితిని. రశీదు తీసికొనలేదు, అతని చిరునామాయైన అడుగలేదు.

2017 లో ఒకనాటి ఉదయము వేరొక జిల్లా పోలీసులు మా అంగడి మెట్లెక్కిరి. మా కారు నంబరు గల బండి ఒక మనిషిని గుద్ది ఆగక పోయినదట! ఆ బండి మాది కాదు. మా నంబరు పలకను ఎవరో వేరొక కారునకు తగిలించిరి. ఈ సంగతి తేలువరకు పదునాలుగు నెలలు అంగడి మూసి తిరిగితిని. వకీలుకు ఇచ్చినది ఆ ఆరు వేలకు ఎన్ని రెట్లో వ్రాయుటకు సిగ్గగుచున్నది.

కావున నా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాను. నడవని కారును అమ్మువాడు రెండు పనులు చేయవలెను. దానికి న్యాయమైన వెల కట్టవలెను. దానినుండి తన పేరును విడిపించుకొనవలెను. మనవారు మొదటిదానికి మొగమాటపడుచున్నారు, రెండవదానిని మరచుచున్నారు.

వెల సంగతి మొదట చూతము. కారు ఏల నడువదో ముందుగా తెలిసికొనవలెను. కొనువాడు వెంటబెట్టుకొని వచ్చిన మెకానిక్కును నమ్మక, మీరెరిగినవానిని పిలిపించుడు. బ్యాటరీ పోయినంత మాత్రమున, పెట్రోలు పంపు పట్టివేసినంత మాత్రమున కారు చచ్చినట్లు కాదు. నాలుగైదు వేలతో లేచు కారును బాగుచేయించి నడుచు కారుగా అమ్ముటయే లాభము. ఇంజను బిగిసిపోయినను, వరదనీరు లోపలికి చేరినను, అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడినను లెక్క వేరు.

అప్పుడు కాగితము తీసికొని రెండు లెక్కలు వేయవలెను. ఈ క్రింది ధరలు ఉదాహరణకు మాత్రమే. అదే సంవత్సరపు నడుచు కారు 60,000 రూపాయలు పలుకుననుకొందము. బాగుచేయుటకు 22,000, లాగుకొనిపోవుటకు 2,500, కొనువాని లాభము 10,000 తీసివేయగా 25,500 మిగులును. ఇది మొదటి లెక్క. రెండవది తుక్కు లెక్క. మారుతి 800 తూకము సుమారు 650 కిలోలు. అద్దము, రబ్బరు, ప్లాస్టిక్కులకు నూటికి 30 వంతులు తరుగు పోగా 455 కిలోలు. కిలో 25 రూపాయల చొప్పున 11,375. బ్యాటరీ మొదలగువానికి 3,000 కలిపి, లాగు కూలి 2,500 తీసివేసినచో 11,875. ఈ రెండు లెక్కలలో ఏది హెచ్చో అదియే మన కనీసపు వెల. బాగుచేయు ఖర్చు 50,000 అయినచో మొదటి లెక్కలో ఏమియు మిగులదు; అప్పుడు తుక్కు లెక్కయే శరణ్యము.

తూకమునకు అందని విలువ కూడ కొంత గలదు. మారుతి 800 1983 నుండి 2014 వరకు తయారైనది గనుక దాని విడిభాగములను అడుగువారు నేటికిని ఉన్నారు. ఇట్టి భాగముల వ్యాపారమునకు చెన్నపట్టణములోని పుదుపేట పేరుపొందినది. ఇటీవలి పెట్రోలు కార్ల పొగగొట్టములో నుండు కెటలిటిక్ కన్వర్టరునందు ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహములు కొలదిగా నుండును. కొనువాడు దానిని ఎరుగును, అమ్మువాడు ఎరుగడు. ముగ్గురివద్ద ధర అడుగక ఎవరును అమ్మరాదు.

ఇక పేరు సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, రాష్ట్రములోనే అమ్మినవాడు 14 దినములలో రిజిస్ట్రేషన్ కార్యాలయమునకు తెలియజేయవలెను. 29, 30 సంఖ్యల ఫారములు ఇందులకే. అవి పూర్తిగా నింపక సంతకము చేయరాదు. ఆర్.సి. లో పేరు మారనిచో, ప్రమాద నష్టపరిహారమునకు పాత యజమానియే బాధ్యుడని 2018 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కారు పొరుగు రాష్ట్రమునకు పోవునప్పుడు నిరభ్యంతర పత్రము కూడ కావలెను. బెంగుళూరువానికి అమ్ము హోసూరువారు, కాకినాడవానికి అమ్ము యానామువారు ఈ సంగతి ముఖ్యముగా గమనింపవలెను. తండ్రి పేరిట నున్న కారును మొదట వారసుని పేరిట మార్చుకొనవలెను.

కారు తుక్కునకే పోవునదైనచో 2021 నాటి నియమముల క్రింద అనుమతి పొందిన తుక్కు కేంద్రమునకు ఇచ్చుట క్షేమమని నా తలంపు. వెల కొంత తగ్గినను వారు కారు అప్పగించినట్లును, తుక్కు చేసినట్లును పత్రములిత్తురు, రిజిస్ట్రేషను రద్దగును. ఆ పత్రముతో కొత్త కారు కొనువారికి రోడ్డు పన్నులో 25 శాతము వరకు రాయితీ నీయవచ్చునని కేంద్ర నియమములలో గలదు. ఎంత యిచ్చునది ఆయా రాష్ట్రముల యిష్టము.

పదివేల వస్తువునకు ఇంత శ్రమ యెందులకు అని కొందరనవచ్చును. శ్రమ పదివేల కొరకు కాదు, పేరు కొరకు. ఫారములు ఆంగ్లమున నుండును. కార్యాలయములో మాట తమిళము. ఇంటిలో మనది తెలుగు. ఈ మూటి నడుమ చదువక సంతకము చేయుట మనకు అలవాటైనది. కావున ప్రతి ఆదివారము ఉదయము మన సంఘ కార్యాలయమున నేను కూర్చుండెదను. అమ్మదలచినవారు ఆర్.సి. పుస్తకముతో రండు. ఫారములు కలిసి చదువుదము, లెక్క కలిసి వేయుదము. అంతవరకు ఎవరు ఎంత తొందరపెట్టినను కలము మూత తీయకుడు.

ఇట్లు,
మీ సోదరుడు,
సంఘ కార్యవర్గ సభ్యుడొకడు, హోసూరు.