వేగం కన్న సత్యం మిన్న

వాయువేగ మనోవేగాలతో గుఱ్ఱాన్ని దౌడు తీయించిన రాకుమారుని కథ వినని తెలుగు బిడ్డ ఉండడు. కథలో వేగానికి హద్దు లేదు, ప్రకృతిలో ఉన్నది. శూన్యంలో కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. ద్రవ్యరాశి గల వస్తువును ఆ వేగానికి చేర్చాలంటే అనంతమైన శక్తి కావలెనని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన సాపేక్ష సిద్ధాంతం చెబుతున్నది.

2011 సెప్టెంబరులో ఈ హద్దు చెరిగినదేమో అన్న వార్త లోకాన్ని కుదిపివేసింది. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాల నుండి వెలువడిన న్యూట్రినోలనే సూక్ష్మకణాలు, భూగర్భం గుండా సుమారు 730 కిలోమీటర్లు పయనించి, ఇటలీలోని గ్రాన్ సాస్సో పర్వతం క్రింద అమర్చిన ఒపేరా పరికరాన్ని కాంతికంటె 60 నానోసెకన్లు ముందుగా చేరినట్లు లెక్క తేలినది. నానోసెకను అనగా సెకనులో నూరు కోట్లవ వంతు!

ఆ శాస్త్రజ్ఞులు విజయభేరి మ్రోగించలేదు. నెలల తరబడి తమ దోషాన్ని తామే వెదకి, అది కానరాక, లెక్కలను లోకం ముందుంచి పరీక్షించమని కోరారు. సందేహించడానికి బలమైన కారణమూ ఉన్నది. 1987లో, 1,68,000 కాంతి సంవత్సరాల దూరాన పేలిన ఒక నక్షత్రం నుండి న్యూట్రినోలు, వెలుగు కొద్ది గంటల తేడాతో మనలను చేరాయి. ఒపేరా లెక్కే నిజమైతే ఆ న్యూట్రినోలు సుమారు నాలుగేండ్లు ముందే రావలసి ఉండెను.

2012 ఫిబ్రవరిలో గుట్టు బయటపడింది. సమయ సంకేతాన్ని మోసుకువచ్చే తీగె ఒకటి సరిగా బిగించి లేదు! ఆ ఏడాదే తిరిగి కొలిచినప్పుడు న్యూట్రినోలు కాంతిని మించలేదని రుజువైనది. బృందం తొందరపడినదని విమర్శలు వచ్చాయి. నాయకులిద్దరు పదవులు విడిచారు. అయినను, ఆ ప్రకటన తప్పిదమని నేననుకోను. తీగె వదులు కావడం పొరపాటు. వచ్చిన అంకెను దాచి ఉంటే అది అపచారం.

ఈ మాట ఎత్తడానికి కారణమున్నది. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో లోలకంతో గురుత్వ త్వరణాన్ని కొలిచినప్పుడు నాకు 940 వచ్చింది. పుస్తకంలో 980 అని ఉన్నది. నేను కొలతలను దిద్ది, 980 వ్రాసి, పూర్తి మార్కులు పొందాను. ఆ మార్కులు నేటికీ నా మనస్సులో ముల్లువలె గుచ్చుకొంటున్నవి. నేటి విద్యార్థి సోదరులు నాకంటె నిజాయితీపరులని నమ్మాలని ఉన్నది. కాని మన పరీక్షా విధానం వారిని అలా ఉండనిస్తున్నదా?

వెయ్యేండ్ల క్రితం కాంతిశాస్త్రంపై మహాగ్రంథం రచించిన ఇబ్న్ అల్ హైసమ్, ఆనాడు ప్రమాణపురుషుడుగా ఎన్నబడిన టాలెమీ రచనలలోని లోపాలను ఎత్తి చూపుతూ వేరొక గ్రంథమే వ్రాశాడు. పెద్దలయందు గౌరవం, పెద్దల మాటపై ప్రశ్న ఒకే హృదయంలో ఇమడగలవని ఆయన నిరూపించాడు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది: మన అంతర్గత పరీక్షలలోనైనా ప్రయోగశాల మార్కులు పుస్తకంలోని అంకెకు గాక, ఉన్నది ఉన్నట్లు వ్రాసి, తేడాకు కారణం వెదకిన విద్యార్థికి దక్కాలి. 940 వచ్చిన విద్యార్థి తలవంచుకోనక్కరలేదు. ఎక్కడో వదులైన తీగెను అతడే కనుగొనవచ్చును.