మందుల డబ్బాలో డబుల్ యాక్షన్

డబుల్ యాక్షన్ అంటే ఫిల్మ్‌నగర్‌లో చిన్నపిల్లాడికీ తెలుసు. హీరో ఒక్కడే, పేర్లు రెండు. మన ఇళ్లలో పెద్దవాళ్ల మందుల డబ్బాలో కూడా ఇదే నడుస్తుంటుంది, కాకపోతే అక్కడ ఎవరూ గుర్తుపట్టరు.

డోలో, కాల్‌పాల్, క్రోసిన్ ఉన్నాయి కదా, మూడింట్లోనూ ఉండేది పారాసిటమాలే. జలుబు గోళీల్లో చాలావాటిలోనూ అదే కలిపి ఉంటుంది. జ్వరానికొకటి, ఒళ్లునొప్పులకొకటి, జలుబుకి ఇంకోటి వేసుకుంటే మన లెక్కలో మూడు మందులు, లివర్ లెక్కలో ఒక్కటే. వయోజనులకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 650 గోళీలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు. లివర్ జబ్బున్నవాళ్లకు, బాగా బక్కచిక్కిన ముసలివాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ.

బీపీ గోళీలతో ఇంకా ఇబ్బంది. మా కింది వాటాలో ఉండే రిటైర్డ్ లైట్‌మన్ బాబాయ్‌కి జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టర్ చీటీ, మా బస్తీలో ఇంకో డాక్టర్ చీటీ. బ్రాండ్లు వేరు, రంగులు వేరు, రెండింట్లోనూ ఉన్నది టెల్మిసార్టనే. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేవారు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. 'వయసైపోయింది కదా' అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మెట్ల మీద రెండుసార్లు తూలాక, వాళ్లమ్మాయి డబ్బా మొత్తం తీసుకెళ్లి డాక్టర్ టేబుల్ మీద బోర్లించింది. అందులో ఒకటి ఆపేయమన్నారు. ఆ వయసులో పడి తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో తెలిసిందే.

పేరు చదువుకోవచ్చు కదా అంటారా? నాలుగు గోళీలు అడిగితే మెడికల్ షాపులో కత్తెరతో ముక్క కోసి ఇస్తారు. సగం పేరు మనకొస్తుంది, ఎక్స్‌పైరీ తేదీ అక్కడే ఉండిపోతుంది. 2023 ఆగస్టు 1 నుంచి 300 పేరున్న బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే అసలు మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తెలుస్తాయి. ఐడియా బావుంది. కానీ స్ట్రిప్ మీద చోటు లేకపోతే బయటి అట్టపెట్టె మీద వేసినా చాలన్నారు. ఆ పెట్టె ఎప్పుడైనా మన ఇంటిదాకా వచ్చిందా? డేటా ఉండి యూజర్‌కి అందకపోతే, మా ఆఫీసులో దాన్ని బగ్ అంటాం.

ఈ ఆదివారం ఓసారి ఇంట్లో ఆ డబ్బా తెరవండి. చాలా స్ట్రిప్పుల మీద 'టాబ్లెట్స్ ఐపీ' అనే మాటకు ముందు ఉండేదే అసలు పేరు. ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే ఫొటోలు తీసి డాక్టర్‌కి చూపించండి, మీ అంతట మీరే బీపీ గోళీ ఆపేయకండి. స్ట్రిప్‌లో గోళీలు ఎక్స్‌పైరీ తేదీ లేని వైపు నుంచి తీయమని అమ్మమ్మకి చెప్పండి.