మొదటి మారథాన్‌కు ఏ ప్లాన్? ముందు క్యాలెండర్ చూడండి

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మార్చి చివర్లో ఒక రాత్రి వాట్సాప్‌లో మూడు పీడీఎఫ్‌లు పంపాడు. మూడూ మారథాన్ శిక్షణ ప్లాన్లే. ఒకటి 12 వారాలది, ఒకటి 16, ఇంకొకటి 18. కింద ఓ మెసేజ్: "అక్కా, ఆగస్టులో ఫుల్ మారథాన్‌కి పేరిద్దామనుకుంటున్నా. వీటిల్లో ఏది పట్టుకోమంటావ్? ఫిజిక్స్ చదివావు కదా, లెక్కలు చూసి చెప్పు."

ఫిజిక్స్‌కీ పరుగుకీ ఏం సంబంధంరా అని కాసేపు ఆటపట్టించాను గానీ, సంబంధం ఉంది. ఏ సమీకరణమైనా సరైన జవాబు ఇవ్వాలంటే ఆరంభ స్థితి ఏమిటో ముందు చెప్పాలి. శిక్షణ ప్లాన్ కూడా అంతే. మొదటి వారం గడుల్లో ఉన్న అంకెల వెనక, ఆ ప్లాన్ రాసిన కోచ్ ఊహించుకున్న మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి ఇప్పటికే ఎంత దూరం పరుగెత్తగలరు, ఏ వాతావరణంలో ఉంటారు, రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత అన్నవి ప్లాన్‌లో కనబడవు. మనం మాత్రం ఎన్ని వారాలు, వారానికి ఎన్ని కిలోమీటర్లు అన్న రెండు అంకెలు చూసి ఎంచుకుంటాం.

ఉదాహరణకు అమెరికన్ కోచ్ హాల్ హిగ్డన్ కొత్తవాళ్ల కోసం రాసిన 18 వారాల ప్లాన్ తీసుకోండి. మంచి ప్లాన్, దాంతో నాకు పేచీ లేదు. కానీ అందులో మొదటి వారాంతపు పరుగే 6 మైళ్లు, అంటే దాదాపు 10 కిలోమీటర్లు. చివరికి 20 మైళ్ల దాకా, అంటే 32 కిలోమీటర్ల దాకా వెళుతుంది. మా తమ్ముడు అప్పటికి 4 కిలోమీటర్లు పరుగెత్తి రెండుసార్లు ఆగుతున్నాడు. కాగితం మీద వాడిది మొదటి వారం. వాడి కాళ్ల లెక్కలో ఆ వారం రావడానికి ఇంకా రెండు మూడు నెలలు ఉంది.

ఇక క్యాలెండర్. హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారం జరుగుతుంది. అక్కణ్ణుంచి 18 వారాలు వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ ఆఖరుకు చేరతాం. అంటే ప్లాన్‌లో ఐదో వారం సరిగ్గా రోహిణి కార్తెలో పడుతుంది. రోళ్లు పగిలే ఎండ అని మనవాళ్లు ఊరికే అనలేదు. తెల్లవారుజామున లేస్తే సరిపోతుంది కదా అంటారా? ఆ వేళకు ఎండ ఉండదు నిజమే, కానీ ఉక్క మాత్రం పెద్దగా తగ్గదు. వానలు మొదలయ్యాక వేడి కాస్త తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. పారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లలో 2001 నుంచి 2010 వరకు పరుగెత్తినవారి సమయాలను ఫ్రాన్స్ పరిశోధకులు వాతావరణంతో పోల్చి చూశారు. దాదాపు అన్ని స్థాయిలవాళ్లకూ అనువైన ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపే తేలింది. ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్లలో చాలామటుకు ఆ చలి దేశాల్లో పుట్టినవే.

వేడి ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చేద్దాం. పరుగుకు అయ్యే శక్తికి ఒక మోటు సూత్రం ఉంది: కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు ఒక కిలోక్యాలరీ. 65 కిలోల మనిషి గంటకు 9 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే గంటలో 585 కిలోక్యాలరీలు. ఇందులో తక్కువలో తక్కువ నాలుగింట మూడు వంతులు, అంటే 440 దాకా, నేరుగా వేడిగా మారుతుంది. ఆ మనిషి శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి 54 కిలోక్యాలరీలు చాలు. వేడి బయటికి పోయే దారే లేకపోతే గంటలో 8 డిగ్రీలు పెరగాలన్నమాట. 40 దాటితేనే ప్రాణాల మీదకు వస్తుంది. మనల్ని కాపాడేది చెమట. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీలు పట్టుకుపోతుంది. కాబట్టి చెమట మీదే ఆధారపడితే గంటకు ముప్పావు లీటరు ఆవిరి కావాలి.

ఇక్కడ ఆవిరి కావడం అన్నదే అసలు మాట. ఒంటి మీద నుంచి కారి నేల మీద పడిన చెమట ఈ లెక్కలోకి రాదు. గాలిలో తేమ 85 శాతం ఉన్న జులై ఉదయం టీషర్టు పిండితే నీళ్లు వస్తాయి గానీ ఒళ్లు మాత్రం చల్లబడదు. అప్పుడు గుండె చర్మానికి మరింత రక్తం పంపాలి, కాళ్లకూ పంపాలి. అదే వేగానికి గుండె కొట్టుకోవడం ఎక్కువవుతుంది. ప్లాన్‌లో 'కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లు, తేలిక పరుగు' అని రాసి ఉంటుంది. లండన్‌లో మార్చి నెలలో అది తేలికే. విజయవాడలో మే నెలలో అదే అంకె కఠిన పరీక్ష.

అందుకే మొదటిసారి పరుగెత్తేవాళ్లు వేగాన్ని సెకన్లలో నిర్దేశించే ప్లాన్ పక్కన పెట్టాలన్నది నా అభిప్రాయం. నిమిషాల్లో, శ్రమ స్థాయిలో రాసిన ప్లాన్ కావాలి. '40 నిమిషాలు, పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత నెమ్మదిగా' అని ఉంటే, ఎండ ముదిరిన రోజు మీ వేగం దానంతటదే తగ్గుతుంది. ప్లాన్ తప్పినట్టు కాదు. వేడిలో శిక్షణ వృథా అనీ కాదు. 10 నుంచి 14 రోజులు వేడికి అలవాటు పడితే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది. ఆ రెండు వారాలు ప్లాన్‌లో ఎక్కడా ఉండవు, మనమే చేర్చుకోవాలి.

గాయాల విషయానికొస్తే, నేను చేసిన పొరపాటు చెప్పక తప్పదు. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాగే 16 వారాల ప్లాన్ పట్టుకున్నాను. గుండె వేగం గ్రాఫులు గీసుకుని మురిసిపోయేదాన్ని. తొమ్మిదో వారం, పదో వారం ఆఫీసు పనితో పోయాయి. పదకొండో వారం గడిలో 26 కిలోమీటర్లు ఉంది. అప్పటికి నేను పరుగెత్తిన అతి ఎక్కువ దూరం 18. ప్లాన్‌లో ఉంది కదా అని వెళ్లాను, పూర్తి కూడా చేశాను. నాలుగో రోజుకు కుడి మోకాలి కింద ముందెముక మీద వేలు పెడితే ప్రాణం పోయేది. స్కాన్‌లో ఎముక ఒత్తిడికి గురైనట్టు తేలింది. ఇంకొంచెం సాగదీసి ఉంటే పగులు వచ్చేదన్నారు డాక్టరు. ఆ ఏడు మారథాన్ లేదు, రెండు నెలలు పరుగే లేదు.

నా ఊపిరికి ఏ ఇబ్బందీ లేదు. మోసం అక్కడే ఉంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముక అంత తొందరగా మారదు. కొత్త బరువు పడ్డప్పుడు కొన్ని కణాలు ముందు పాత ఎముకను తవ్వేస్తాయి, ఆ తర్వాత వేరే కణాలు కొత్తది నింపుతాయి. తవ్వడం వారాల పని, నింపి గట్టిపరచడం నెలల పని. మధ్యలో కొంతకాలం ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. మా కాలనీలో కేబుల్ కోసం రోడ్డు తవ్వి, పూడ్చకముందే లారీలు వదిలినట్టు. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు ఈ ఒత్తిడి పగుళ్లు శిక్షణ తొలి వారాల్లోనే ఎక్కువగా రావడానికి ఇదొక కారణమని భావిస్తారు.

'వారానికి 10 శాతం మించి పెంచొద్దు' అన్న సూత్రం మీరూ వినే ఉంటారు. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని కొత్త రన్నర్ల మీద పరీక్షించారు. ఒక బృందానికి 10 శాతం సూత్రంతో 13 వారాలు, ఇంకో బృందానికి మామూలుగా 8 వారాలు. రెండింటిలోనూ ఐదుగురిలో ఒకరు గాయపడ్డారు, తేడా ఏమీ లేదు. 2025లో డెన్మార్క్ పరిశోధకులు 5,200 మందికి పైగా రన్నర్ల వాచీల సమాచారం తీసి చూశారు. వారం మొత్తం దూరం పెరగడానికీ గాయాలకూ అనుకున్న సంబంధం కనబడలేదు. గత 30 రోజుల్లో పరుగెత్తిన అతి పొడవైన దూరాన్ని ఒకే పరుగులో 10 శాతానికి మించి దాటినప్పుడు మాత్రం గాయాల ముప్పు స్పష్టంగా పెరిగింది. రెట్టింపు దూరం దాటినవాళ్లలో ముప్పు రెండింతలు మించింది. ఇది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. పైగా వాళ్లలో ఎక్కువమంది అనుభవజ్ఞులు. అయినా నా 18 నుంచి 26కి గెంతు, అంటే 44 శాతం, ఆ లెక్కలో ఎక్కడుంటుందో నాకు తెలుసు.

కాబట్టి ప్లాన్ చేతికి రాగానే వారాంతపు పొడవు పరుగుల వరుస ఒక్కటే వేరుగా రాసుకుని, పక్కపక్క అంకెల మధ్య గెంతు ఎంతో చూడండి. పేరున్న ప్లాన్లలో కూడా 10 శాతం దాటే అడుగులు ఉంటాయి. వాటిని మధ్యలో ఇంకో వారం పెట్టి విడగొట్టొచ్చు, అందుకు వారాలు మిగిలి ఉంటే. జ్వరం, పెళ్లిళ్లు, నైట్ షిఫ్టులు లేని 18 వారాలు మన ఇళ్లలో ఎవరికి దొరుకుతాయి? నా మాట అడిగితే, కొత్తవాళ్లకు 24 వారాలకన్నా తక్కువ ఉన్న ఏ ప్లానూ ప్లాన్ కాదు.

పొడవు పరుగు గురించి ఇంకో మాట. మారథాన్‌ను 4 గంటల్లో ముగించేవాళ్లకు 32 కిలోమీటర్లంటే 3 గంటల పని. ఐదున్నర గంటల్లో ముగించేవాళ్లు అదే వేగంతో వెళితే 4 గంటల 10 నిమిషాలు. గడిలో అంకె ఒకటే, కాళ్ల మీద పడే దెబ్బలు మాత్రం వేలల్లో ఎక్కువ. మూడు, మూడున్నర గంటల దగ్గర ఆపేయడం మేలని నాకనిపిస్తుంది. అమెరికాలో హాన్సన్ అన్నదమ్ముల ప్లాన్‌లో అతి పొడవైన పరుగు 16 మైళ్లే, 26 కిలోమీటర్లు కూడా ఉండదు. మిగతా దూరం ఎలా అంటే, పోటీలో 30 కిలోమీటర్ల తర్వాత కుప్పకూలడానికి పెద్ద కారణం తిండి. ఒంట్లో గ్లైకోజన్ రూపంలో ఉండేది 1,600 నుంచి 2,000 కిలోక్యాలరీలు, మన 65 కిలోల మనిషికి కావలసింది 2,740. కొవ్వు కొంత ఆదుకుంటుంది గానీ, పరుగెత్తుతూ తినడం, తిన్నది అరిగించుకోవడం కూడా సాధన చేయాల్సిందే. ఖర్జూరమో, జెల్లో, ఏది పడుతుందో ముందే తెలియాలి. నీళ్లు మాత్రం దాహాన్ని బట్టి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గింది. పరుగులో బరువు పెరిగేంతగా తాగినవాళ్లు, 4 గంటలకు మించి పరుగెత్తినవాళ్లు అందులో ఎక్కువ.

పరుగు మొదలుపెట్టేముందు కొన్ని వందల రూపాయలు పెట్టి రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి, పురుషుల్లో 25 శాతానికి రక్తహీనత ఉంది. గాయం తర్వాత చూపించుకుంటే నా హిమోగ్లోబిన్ 10.4. అంతకుముందు ఆయాసాన్ని నా బద్ధకమనుకుని తిట్టుకుంటూ వచ్చాను.

ఇంతా చదివి మారథాన్ అంటేనే భయం పుడుతుందేమో. అందుకే లండన్ సంగతి చెప్పాలి. అక్కడ మొదటిసారి పరుగెత్తబోతున్న 138 మందిని ఆరు నెలల శిక్షణకు ముందూ, పోటీ తర్వాతా పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. రక్తపోటు తగ్గింది. రక్తనాళాల బిరుసు దాదాపు నాలుగేళ్లు చిన్నదైనంతగా తగ్గింది. వయసు ఎక్కువున్నవాళ్లకు, నెమ్మదిగా పరుగెత్తినవాళ్లకు లాభం ఇంకా ఎక్కువ. వాళ్లకు సూచించిన శిక్షణ వారానికి మూడు పరుగులే.

మా తమ్ముడికి ఆ మూడు పీడీఎఫ్‌లు వెనక్కి పంపేశాను. ఆగస్టులో 10 కిలోమీటర్ల పరుగుకు పేరివ్వు, ఫుల్ మారథాన్ జనవరిలో ఏ ఊళ్లో ఉంటే అక్కడ చూసుకుందాం అన్నాను. నేను రాసిచ్చిన కాగితంలో మొదటి ఎనిమిది వారాలూ వారానికి మూడే గడులు, ఒక్కోదానిలో అరగంట నెమ్మది పరుగు. "ఇది ప్లాన్‌లా లేదక్కా" అన్నాడు. మే నెలలో ఒక రోజు ఉదయం ఆరున్నరకు తడిసి ముద్దయిన టీషర్టు ఫొటో పంపాడు. "ఇది ఆవిరైనట్టా, కారినట్టా?"

కారినట్టే, రేపు ఇంకో అరగంట ముందు లేవమన్నాను.