మూడు దినముల డనాంగ్

వియత్నాం నడిమి తీరముననున్న డనాంగ్ పట్టణమును మూడు దినములు చూచి రావలెనని మా ఇంట అనుకొనుచున్నాము. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారిని విడిచి వెళ్లుటకు మనస్సొప్పలేదు. కాబట్టి ఆమె నడకను బట్టియే ఏర్పాటు. అక్టోబరు, నవంబరులలో అక్కడ తుఫానులు, వరదలు. మన కోస్తావారికి వేరే చెప్పనక్కరలేదు. మార్చియే మేలు. మొదట 1923లో కట్టిన గులాబిరంగు కాథలిక్ దేవాలయము. గోపురముమీద కోడిపుంజు ఉన్నందున ఊరివారు దానిని కోడి గుడి అందురు. పాలరాతి కొండలలో తుయిసన్‌కు 156 మెట్లు. లిఫ్టు ఉన్నది గాని, గుహలలోనికి మరల మెట్లే! అమ్మగారు క్రింద నీడను కూర్చుందురట. రెండవ దినమంతయు 30 కిలోమీటర్ల దూరముననున్న హొయాన్ పాత వీధులకే, అవి చదునైనవి. చాము రాజుల మీసన్ శిథిలములు కూడ చూడవలెనని పిల్లల పట్టు. అది ఇంకను తేలలేదు.