వేట విల్లు వద్దు... గురి విల్లే ముద్దు!

కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల రైతుకు కృష్ణజింక చూడముచ్చటైన ప్రాణి మాత్రమే కాదు, పంటకు పెద్ద బెడద కూడా. నల్లరేగడిలో మొలక రెండాకులు వేసేసరికి మందలుగా వచ్చి చేలు మేసిపోతుంటాయి. రాత్రుళ్లు గట్ల మీద కాపలా కాసి, డబ్బాలు మోగించి అలసిపోయిన ఇంట్లో ఓ కుర్రాడు సెల్‌ఫోనులో కాంపౌండ్ విల్లు వీడియో చూశాడనుకోండి... ‘ఇదొకటి మనకూ ఉంటే!’ అనుకోవడంలో వింతేముంది? తూటా లేదు, చప్పుడు లేదు. మరీ ఖరీదైనది కాకుండా మధ్యరకం ధరలో దొరుకుతుంది కూడా.

అక్కడే ఆగాలి. ఆ విల్లు కొనేముందు చట్టం ఏమంటోందో ఒకటి, వేటకు చేసిన విల్లు మన పిల్లలకు ఎందుకు పనికిరాదో ఇంకొకటి... రెండూ తెలుసుకోవాలి.

జింక జోలికి వెళ్తే...

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మనదేశంలో వేట నేరం. చంపితేనే కాదు... గాయపరిచినా, ఉచ్చు పన్నినా, అందుకు ప్రయత్నించినా వేట కిందికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఆ చట్టంలోని మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకూ జైలు. 2022లో చేసిన సవరణతో జరిమానా కూడా కనీసం 25 వేల రూపాయలకు పెరిగింది.

‘పంట తినేస్తుంటే చూస్తూ కూర్చోవాలా’ అన్నది రైతు ప్రశ్న. అందులో న్యాయముంది. కానీ మొదటి షెడ్యూల్లోని జంతువు మనిషి ప్రాణానికి ముప్పుగా మారితేనో, కోలుకోలేని జబ్బు, గాయాలతో ఉంటేనో తప్ప చంపడానికి అనుమతి ఇవ్వకూడదు. పంటనష్టం ఆ కారణాల్లో లేదు. రెండో షెడ్యూల్లోని అడవిపంది లాంటి వాటి విషయంలో పంటనష్టాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అదీ అధికారి రాతపూర్వకంగా ఆదేశిస్తేనే. నష్టపోయిన రైతు చేయాల్సింది పంట ఫొటోలు తీసి, అటవీ, వ్యవసాయ శాఖలకు అర్జీ పెట్టి పరిహారం అడగడమే. విల్లు పట్టుకుంటే పంటతోపాటు కుర్రాడి భవిష్యత్తూ పోతుంది.

మరి వేట మన సంప్రదాయంలో లేదా అంటే, ఉంది. కనుమనాడు మొదలయ్యే అహోబిలం పారువేటలో నరసింహస్వామి పల్లకీ వారాల తరబడి ఊరూరా తిరుగుతుంది. స్వామి చెంచులింటి అల్లుడని జనం నమ్మకం. వేట అక్కడ వేడుకగా మిగిలింది. అడవిబిడ్డలకు ఎన్నో హక్కులిచ్చిన 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కును మాత్రం మినహాయించింది.

చక్రాల్లో ఉంది కిటుకు

కాంపౌండ్ విల్లును కనిపెట్టింది అమెరికాలోని మిస్సోరి రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్. 1966లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1969లో వచ్చింది. మామూలు విల్లును లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. పూర్తిగా లాగి గురి చూసేటప్పుడే చేతి మీద భారం ఎక్కువ. కాంపౌండ్‌లో అందుకు తలకిందులు. విల్లు కొసల్లోని క్యామ్‌లనే చక్రాలు తిరిగి, చివరికొచ్చేసరికి భారాన్ని తగ్గించేస్తాయి. 50 పౌండ్ల విల్లుకు ఈ తగ్గింపు 80 శాతం ఉంటే, గురి చూసేటప్పుడు చేతి మీద ఉండేది 10 పౌండ్లే. అంటే, నాలుగున్నర కిలోలు!

అమెరికాలో వేటకు సీజన్లుంటాయి, లైసెన్సులుంటాయి. అక్కడి కంపెనీలు మధ్యరకం విళ్లలో ఎక్కువ భాగం ఆ వేటగాళ్ల కోసమే తయారుచేస్తాయి. పొదల్లో, చెట్ల మీది మంచెల్లో అడ్డం పడకుండా పొట్టిగా... ఒక చక్రం ఇరుసు నుంచి రెండో దాని ఇరుసుకు 30 నుంచి 33 అంగుళాలు ఉంటాయవి. లాగే బరువేమో తరచూ 60-70 పౌండ్లు. పోటీ విల్లు అలా కాదు. 36 నుంచి 40 అంగుళాల పొడవుంటుంది. పొడవు ఎక్కువైతే చేతిలో నిలకడ కూడా ఎక్కువ. పైగా అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్ విల్లు బరువు 60 పౌండ్లు దాటకూడదు. 70 పౌండ్ల విల్లు చూసి మురిసిపోతే మైదానంలో దాన్ని తగ్గించి వాడుకోవాల్సిందే.

‘వేటకు సిద్ధం’ అంటూ అన్నీ బిగించి అమ్మే సెట్లలో ఇంకో చిక్కుంది. వాటిలోని సైటు, బాణాన్ని మోసే రెస్టు వేటకు తగ్గట్టుగా ఉంటాయి. పోటీలో వాడేది భూతద్దం లాంటి కటకం ఉన్న సైటు, సన్నని పలక మీద బాణం నిలిపే రెస్టు. చవగ్గా వచ్చిందనుకున్న సెట్టులో సగం మళ్లీ కొనాల్సి వస్తుందన్నమాట.

వేగం మాయ

పెట్టె మీద ‘సెకనుకు 320 అడుగులు’ అని ఉంటుంది. అది 70 పౌండ్ల బరువు, 30 అంగుళాల లాగుడు, 350 గ్రెయిన్ల తేలిక బాణంతో కొలిచిన లెక్క. లాగుడు అంగుళం తగ్గితే దాదాపు 10 అడుగులు, బరువు 5 పౌండ్లు తగ్గితే మరో 10 అడుగులు పోతాయి. ఆ లెక్కన 27 అంగుళాల లాగుడుతో 50 పౌండ్లు లాగే కుర్రాడి చేతిలో దాని వేగం 250 దగ్గరే ఉంటుంది. కదలని గురికి అదే ఎక్కువ. వేగం కోసం పెట్టే అదనపు సొమ్ము దండగ.

ఒంటికి తగ్గ విల్లు

చొక్కాకు కొలతలున్నట్టే విల్లుకూ ఉన్నాయి. రెండు చేతులూ బారజాపి ఈ కొస నుంచి ఆ కొసకు అంగుళాల్లో కొలవాలి. దాన్ని రెండున్నరతో భాగిస్తే లాగుడు పొడవు సుమారుగా తెలుస్తుంది. బార 65 అంగుళాలైతే 26 అన్నమాట. ఇది ఎక్కువైతే మొహం వెనక్కి వాలుతుంది, తక్కువైతే భుజం ముడుచుకుపోతుంది. రెండిట్లోనూ గురి తప్పుతుంది.

ఇక బరువు. కుర్చీలో కూర్చుని, విల్లును పైకెత్తకుండా తిన్నగా ఎదురుగా పట్టి లాగగలగాలి. ఆకాశంకేసి ఎత్తి, ఒళ్లంతా వంచి లాగుతున్నారంటే బరువు ఎక్కువైనట్టే. పంతానికి పోతే భుజం దెబ్బతింటుంది. ఎదిగే పిల్లలకైతే లాగుడూ బరువూ రెండూ విస్తారంగా మార్చుకునే వీలున్న విల్లు మేలు. ఏడాదికోసారి కొత్తది కొనే పని తప్పుతుంది. అసలు మొదటి నెలల్లో వెదురు విల్లు చాలు. మనదేశంలో ఇండియన్ రౌండ్ పేరుతో 50, 30 మీటర్ల పోటీలు వెదురు విల్లుతోనే జరుగుతాయి. దాని మీద సరదా నిలిచాకే కాంపౌండ్ మాట తలపెట్టాలి.

బడ్జెట్ అంతా విల్లుకే పోయకూడదు. సైటు, రెస్టు, నారి వదలడానికి చేతికి తగిలించుకునే రిలీజు, ముంజేతి పట్టీ, కనీసం డజను బాణాలు... వీటికీ మిగలాలి. నారి రెండు మూడేళ్లకోసారి మార్చాలి. అందుకు విల్లును నొక్కిపట్టే ప్రెస్సు కావాలి. అది ఊళ్లో సైకిలు షాపులో దొరికే వస్తువు కాదు. కాబట్టి, మరమ్మతు ఎక్కడ చేస్తారో, నేర్పే కోచ్ ఎవరో తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి.

బాణం బొమ్మ కాదు

సెకనుకు 280 అడుగుల వేగమంటే గంటకు 300 కిలోమీటర్ల పైమాటే. అందుకే గురి వెనక మట్టికట్టో, ప్రత్యేకమైన అడ్డో ఉండాలి. ఇంటి పెరడు, డాబా పనికిరావు. బాణం పెట్టకుండా నారి లాగి వదలకూడదు. ఆ శక్తంతా విల్లులోనే పేలి రెక్కలు విరగొచ్చు. బాణం బిగువు విల్లు బరువుకు సరిపోవాలి. చీలిన కార్బన్ బాణం వదిలేటప్పుడే ముక్కలై చేతిలో దిగుతుంది. వేసే ముందు ప్రతిదాన్నీ కాస్త వంచి, చెవి దగ్గర పెట్టుకుని చూడాలి. పటపటమంటే పక్కన పడేయాల్సిందే. వేటకు వాడే బ్లేడు మొనలు అసలే వద్దు.

ఇంత జాగ్రత్తపడి గురి నేర్చుకుంటే ఏమొస్తుందంటారా? 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌలో ఏం జరిగిందో చూడండి. ఆసియా క్రీడల కాంపౌండ్ ఫైనల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 150కి 149 పాయింట్లు సాధించింది. 50 మీటర్ల దూరాన ఉన్న ఎనిమిది సెంటీమీటర్ల పది పాయింట్ల వలయానికి పదిహేను బాణాల్లో పద్నాలుగు తగిలాయి. ఆ క్రీడల్లోనే జట్టు, మిక్స్‌డ్ విభాగాల్లోనూ గెలిచి మొత్తం మూడు స్వర్ణాలు తెచ్చింది. ఇన్నాళ్లూ ఒలింపిక్స్‌లో కాంపౌండ్‌కు చోటే లేదు. 2028 లాస్‌ఏంజెలెస్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ విభాగంతో ఆ తలుపూ తెరుచుకుంది.

పొలం గట్టు మీద నిలబడి చీకట్లో కదిలే జింకను పసిగట్టే పిల్లల చూపు తక్కువదేం కాదు. ఆ చూపుకు సరైన గురి చూపించడమే పెద్దవాళ్లు చేయాల్సిన పని.