బతుకమ్మ ఫొటోలో అమ్మ ఏది?

మీ సెల్‌ఫోన్ తీయండి. నిరుటి సద్దుల బతుకమ్మ ఫొటోలు చూడండి. తాంబాళంలో మోకాలెత్తు బతుకమ్మ ఉంటది. పట్టుచీరలు కట్టుకున్న అక్కచెల్లెండ్లు ఉంటరు. సెల్ఫీలు ఉంటయి. గల్లీ చివర పెట్టిన డీజే డబ్బాలు గూడ ఉంటయి. ఇప్పుడు ఒక్క ఫొటో వెతకండి. కొంగు నడుముకు చెక్కి, చాప మీద కూసోని, గునుగుపూల కాడలు కోస్తున్న మీ అమ్మ ఫొటో. ఉందా?

నా ఫోన్లో లేదు. వందల ఫొటోలున్నయి, అమ్మ బతుకమ్మను పేర్చంగ తీసింది ఒక్కటి లేదు. పేర్చుడు అయినంక ఆమె చేతులు కడుక్కొని పక్కకు జరిగింది. మేమందరం ముందుకొచ్చి నిలబడ్డం. ఫొటో దిగినం.

ఇది నా ఒక్కని ఇంటి ముచ్చట కాదు. పండుగను కాపాడింది ఎవరు, పండుగ ఫొటోలో ఉన్నది ఎవరు అనే ముచ్చట. ఈ ఇద్దరూ ఒక్కరు కాకపోతే రేపు చరిత్ర రాసేటోళ్లు తప్పు రాస్తరు. మన చరిత్రను వేరేవాళ్లు తప్పు రాసిండ్రనే కదా ఇన్నేండ్లు కొట్లాడినం?

కెమెరా ఈ గడ్డకు కొత్తది కాదు. ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసిండు. 1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టిండు. లోపల కెమెరా పట్టింది ఒక ఇంగ్లీషు మహిళ. ఆడవాళ్ల లోకాన్ని తీయాలంటే ఆ లోకంలోకి పోగలిగిన మనిషే తీయాలనే ఎరుక 130 ఏండ్ల కిందనే ఉండె. కాని ఆ స్టూడియో మెట్లెక్కింది పెద్దింటి ఆడవాళ్లు. గుట్టకు పోయి తంగేడు తెంపుకొచ్చే తల్లికి ఆ తలుపు తెరుచుకోలేదు.

తర్వాత కెమెరా ఊరి స్టూడియో దాక వచ్చింది. రీలుకు 36 ఫొటోలు. వాటిని లెక్కపెట్టుకొని వాడుకోవాలె. పెండ్లికి ఒక ఫొటో, హాల్‌టికెట్‌కు ఒక ఫొటో, పెద్దమనిషి కన్ను మూస్తే ఒక ఫొటో. ఏటా వచ్చే బతుకమ్మకు రీలు ఎవరు ఖర్చు పెడతరు? ఇంట్ల మగవాళ్లకు అది ఆడవాళ్ల పండుగ. సమైక్య రాష్ట్రంలో పెద్ద పత్రికలకు అది జిల్లాల పండుగ. సంక్రాంతి ముగ్గులకు రంగుల పేజీలు, బతుకమ్మకు జిల్లా పేజీలో ఒక మూల. ఇంట్ల మూలకు పెట్టినోళ్లం మనం, పేపర్ల మూలకు పెట్టినోళ్లు వాళ్లు. పెత్తనం ఒక్క చోటనే లేదు, ఈ మాట మనం ఒప్పుకోవాలె.

ఉద్యమం ఆ మూలను బద్దలు కొట్టింది. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆ ఏడు బతుకమ్మ సమ్మె నడుమనే వచ్చింది. జీతం రాని ఉద్యోగులు ఆఫీసుల ముందట బతుకమ్మ ఆడిండ్రు. దీక్షా శిబిరాల దగ్గర, యూనివర్సిటీలలో ఆడిండ్రు. ఆ ఫొటోలు ఢిల్లీ దాక పోయినయి. మాకొక భాష ఉంది, మాకొక పండుగ ఉంది, మేం వేరే మనుషులం అని వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఒక్క ఫొటో చెప్పింది. అది జరగవలసిన పనే.

కాని అక్కడనే ఫొటో గడ్డకట్టింది. వెనుక ఫ్లెక్సీ, నడుమ నాయకుడు లేదా నాయకురాలు, నెత్తిన బతుకమ్మ, చుట్టూ మైకులు. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. సంతోషమే. 2016లో ఎల్బీ స్టేడియంలో గిన్నిస్ రికార్డు. 2025లో సరూర్‌నగర్‌లో 63 అడుగుల పైచిలుకు బతుకమ్మతో మళ్లొక రికార్డు. పార్టీలు మారినయి, ఫొటో మారలేదు. ఇంకింత పైకి పోయింది. డ్రోన్ నుంచి చూస్తే వేల మంది ఆడబిడ్డలు పూల చుక్కల లెక్క కనబడతరు. చూడ ముచ్చటగనే ఉంటది. కాని అండ్ల ఒక్క ముఖం గూడ గుర్తుపట్టలేం.

అసలు బతుకమ్మ ఎక్కడుంది? వాకిట్ల ఉంది. ముందురోజే గునుగు, తంగేడు, బంతి తెచ్చి పెట్టుకుంటరు. గునుగును గుప్పెడు గుప్పెడు కట్టి, కాడలు సమానంగ కోసి, కొసలను రంగునీళ్లలో ముంచుతరు. తాంబాళంలో ఆకులు పరుస్తరు. చుట్టు వరుసకు పూలు, నడుమ కడుపులో ఆకులు, తెగిన కాడలు. పైకి పోయినకొద్దీ వరుస చిన్నగ చేస్తరు. కడుపు గట్టిగ నిండకపోతే చెరువు కట్ట దాక పోకముందే బతుకమ్మ ఒరుగుతది. ఇది ఏ ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పరు. అత్త చేతి నుంచి కోడలి చేతికి, తల్లి చేతి నుంచి బిడ్డ చేతికి వచ్చిన విద్య. ఆ చేతుల ఫొటో లేదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక తొమ్మిది రోజుల పండుగలో మన దగ్గర ఉన్నవి మొదటి రోజు, ఆఖరి రోజు ఫొటోలే. ఆరోనాడు బతుకమ్మ అలుగుతది. ఆ రోజు పేర్చరు, ఆడరు. ఖాళీగ గోడకు ఆనించిన తాంబాళం గూడ పండుగనే. దాన్ని ఎవరన్న తీసిండ్రా?

తీసినోళ్లు లేరని కాదు. వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ బతుకమ్మను, ఊరి ఇండ్ల దర్వాజలను, ఆ దర్వాజల వెనుక మనుషులను ఏండ్లకేండ్లు ఫొటోలు తీసిండు. 2022 జనవరిలో మనల్ని విడిచిపోయిండు. ఒక్క మనిషి అంత చేసిండు. ఇవాళ ఇంటికి నాలుగు కెమెరాలున్నయి. మనం ఏం చేస్తున్నం?

ఇంతల ఒక మాట వినబడతది. "ఫోన్లు వచ్చే పండుగను ఖరాబు చేసినయి, మీరు ఇంకా ఫొటోలు తీయమంటరా?" అని. ఆ మాటలో నిజముంది. వీడియో కోసం ఆటను నడుమ ఆపుతున్నరు. పాట అందుకోవలసిన పిల్ల ఫోన్ పట్టుకొని బయట నిలబడుతున్నది. అడగకుండ ఆడపిల్లల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నరు. ఇది దొంగతనం కంటె తక్కువ కాదు. అందుకే నేననేది ఎక్కువ ఫొటోలు కాదు, వేరే ఫొటోలు. అడిగి తీసే ఫొటోలు. వద్దంటే ఫోన్ జేబులో పెట్టే మర్యాద.

ఇంకొక చేదు మాట. చాల ఊర్లలో దళితవాడ ఆడబిడ్డలు ఊరి బతుకమ్మ వలయంలోకి రాలేకపోయిండ్రు, వేరుగ ఆడుకున్నరు. మన ఫొటోలలో ఆ ఎడం కనబడదు. ఎందుకంటే కెమెరా ఆ వాడకు పోలేదు. అస్తిత్వం అనే మాట పలికే నోరు మనదైతే, ఆ వాకిలి ఫొటో గూడ మన ఆల్బంలో ఉండాలె.

ఇంటి ఫొటో ఇంటికే పనికొస్తదని అనుకోకండి. ఫొటో వెనుక ఏముందో చూడండి. బతుకమ్మను వదిలిన చెరువు ఉంటది. హైదరాబాద్ అంబర్‌పేటలో బతుకమ్మకుంట పూడిపోయి, చెత్తలో కూరుకుపోయి కనబడకుండ పోయింది. 2025లో హైడ్రా తవ్విస్తే నీళ్లు పైకొచ్చినయి. ఆ సెప్టెంబర్‌లనే కుంటను మళ్ల ప్రారంభించిండ్రు. అక్కడ కుంట ఉండెనని దాని పేరే సాక్ష్యం చెప్పింది. పేరు గూడ మిగలని కుంటలు ఎన్ని? "ఇక్కడ చెరువు ఎక్కడిది?" అని ప్లాట్లు చేసేటోడు అడిగిననాడు, నీళ్లలో బతుకమ్మను వదులుతున్న మీ అమ్మమ్మ ఫొటో ఒకటి ఉంటే? ఒక్క ఫొటోతోనే కోర్టు తీర్పు ఇయ్యకపోవచ్చు. కాని ఊరికి మాట్లాడే బలం వస్తది.

విద్యార్థులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు పెట్టెలలో మగ్గుతున్న పాత ఫొటోలు బయటికి తీయండి. ఎవరు, ఏ వాడ, ఏ ఏడు అనేది అమ్మను, నాయినమ్మను అడిగి వెనుక రాయండి. ఆ వివరం చెప్పేటోళ్లు రోజురోజుకు తక్కువైతున్నరు. ఉద్యోగులారా, సమ్మె కాలం నాటి మీ పాత ఫోన్లు, మెమరీ కార్డులు సొరుగుల్లో చెడిపోతున్నయి. వేదిక మీద ఉన్నోళ్ల ఫొటోలు ఎట్లయిన ఉంటయి. వేదిక కింద ఆడినోళ్లవి మీ దగ్గరనే ఉన్నయి. వాటిని పదిలం చేయండి.

ఈసారి ఎంగిలిపూల నాడు స్టేడియానికి పోతె పోండి. కాని పోకముందు అమ్మ పక్కన చాప మీద కూసోండి. గునుగు కట్టలు కోసియ్యండి. తాంబాళం పట్టుకోండి. ఆమె చేతులు పనిలో ఉన్నప్పుడు, ఆమెను అడిగి, అప్పుడు ఫొటో తీయండి.